దస్తగిరమ్మ పట్టెడ

దస్తగిరమ్మ మెడలో పట్టెడ ముప్ఫై రోజులపాటు ఒక్కసారి కూడా రంగు మారకుండా ఆకుపచ్చగా వెలిగింది. ముప్ఫై ఒకటో రోజు పొద్దున వార్డు తలుపు పక్కనున్న తెర మీద ఆమె పేరు వచ్చింది. పేరు కింద ఒకే మాట: ఇంటికి.

“ఏందే, నీ పేరు పడింది చూసుకున్నావా?” అన్నాను గంజి గిన్నె పట్టుకుని గుమ్మంలో ఆగి.

“నాలుగుసార్లు చూసినా పెద్దమ్మా. అది వేరే దస్తగిరమ్మ కాదు గదా?”

“ఈ కొండ మీది ఆసుపత్రిలో ఇంకో దస్తగిరమ్మ యాడుంది?”

“ఈడ లేదులే. మా ఊళ్ళో ముగ్గురుండారు” అంది. అని, మంచం మీద కూర్చుని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వులో దగ్గు లేదు. నాలుగు నెలల కింద ఆమెను స్ట్రెచర్ మీద దించినప్పుడు రెండు మాటలకో దగ్గు, నాలుగు దగ్గులకో రక్తపు జీర.

మొండి క్షయ అనేది లోకంలోకి వచ్చి అప్పటికి తొమ్మిదేళ్ళు. పాత మందులు దాని మీద పనిచెయ్యవు. కొత్త మందు పనిచేస్తుంది గానీ మనిషిని బట్టి ఆరు నెలలు, ఎనిమిది నెలలు పడుతుంది. అంతకాలం రోగి ఊపిరి పక్కవాళ్ళకి ప్రమాదం. ఎప్పుడు ప్రమాదం పోయిందో తెలుసుకోవాలంటే ముందు కళ్ళె పరీక్షకి పంపి రెండు నెలలు కాచుకునేవాళ్ళం. పట్టెడ వచ్చాక ఆ పని మానేశారు. దాని అసలు పేరు పొడుగ్గా ఇంకేదో ఉంది. మెడకి అంటుకుని వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఆడవాళ్ళు పట్టెడ అన్నారు, మగవాళ్ళ మెడల్లో ఉన్నదానికీ అదే పేరైంది. “పెళ్ళికి మా అత్త పెట్టలా, జబ్బుకి సర్కారు పెట్టింది” అని ఒకామె అంటే వార్డు వార్డంతా దగ్గుతూ నవ్వారు.

గంజి గిన్నె పట్టుకుని నేను మంచం చుట్టూ ఉన్న ఆరడుగుల గీత దాటగానే పట్టెడలో టిక్కుమని చప్పుడవుతుంది. అంటే అది మేలుకుంది. అరనిమిషం రోగి ఊపిరిని వాసన చూస్తుంది. అందులో క్రిములు నిండుగా ఉంటే ఎర్రగా, తక్కువగా ఉంటే పసుపుగా, లేకపోతే ఆకుపచ్చగా వెలుగుతుంది. నేను వెనక్కి వచ్చేస్తే మళ్ళీ నిద్రపోతుంది. రోజంతా అది ఎందుకు మేలుకుని ఉండదని, దాన్ని తయారుచేసిన ఇంజినీరు మందాకినిని నేనొకసారి అడిగాను.

“ఆ ముక్కు చాలా కరెంటు తాగుతుంది తిరుపాలమ్మగారూ” అంది ఆమె పెరుగన్నం నిలబడే తింటూ. “పగలూ రాత్రీ పనిచేయిస్తే పూటపూటకీ ఛార్జింగు పెట్టాలి. పక్కన ఎవరూ లేనప్పుడు రోగి ఊపిరి వల్ల ఎవరికి హాని చెప్పండి? అందుకని మనిషి దగ్గరికొస్తేనే మేలుకునేలా చేశాను.”

సబబే అనుకున్నాను. నాకు ఏం చెప్పినా సబబుగానే చెబుతుంది ఆ పిల్ల. పట్టెడ ఎక్కడ ఒరుసుకుంటుందో తెలియాలని ఆరు నెలలు తన మెడకే కట్టుకుని తిరిగింది. ఆ నల్లటి చార ఇంకా పోలేదు.

ఆ ఏడు ఆమె సంతోషంగా ఉండటానికి ఒక కారణం ఉంది. పలకల ఫ్యాక్టరీల నుంచి వచ్చే రోగులు అందరికంటే తొందరగా ఆకుపచ్చకి వస్తున్నారు. బడి పలకలు కోసే రంపం మిషన్ల దగ్గర బతికినవాళ్ళు, రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు సగం పాడైనవాళ్ళు, మిగతావాళ్ళ కంటే ఆలస్యంగా కోలుకోవాలి. అటువంటిది మూడో నెలలోనే ఆకుపచ్చ! ఏడాదిలో పదకొండుమందిని ఇళ్ళకి పంపాం, అందరూ మగవాళ్ళే. వాళ్ళ ఒంట్లో మందుకి కలిసొచ్చేది ఏదో ఉందని మందాకిని పెద్ద నివేదిక రాస్తూ ఉంది. పన్నెండో మనిషి దస్తగిరమ్మ.

ఆమె భర్త సిలారు అదే దుమ్ముతో రెండేళ్ళ కిందట పోయాడు. ఒక్కతే కూతురు మాబున్ని, మూడేళ్ళది. దాన్ని ఆడబిడ్డ హుస్సేనమ్మ దగ్గర వదిలి వచ్చింది. రోజూ సాయంత్రం ఫోనులో చూపించేది హుస్సేనమ్మ. మొదటి నెల పిల్ల ఫోను తెరని నాకేది, ముద్దు పెట్టేది. రెండో నెల ముద్దు పెట్టమంటే పెట్టేది. మూడో నెల ఒకరోజు హుస్సేనమ్మ ఫోను పట్టుకుని పిల్ల వెంట ఇల్లంతా తిరిగింది.

“ఎవురో చెప్పవే. ఎవురు?”

“ఫోన్లో అమ్మ” అంది మాబున్ని, చేతిలోని బొరుగులు చూసుకుంటూ.

“మరి నేనెవురే?”

“అమ్మ.”

హుస్సేనమ్మ గాభరాగా “అత్తనే! అత్తనని చెప్పాల!” అని పిల్ల వీపున ఒకటేసింది. దస్తగిరమ్మ ఇటునుంచి “కొట్టమాకు వదినా. దానికేం తెల్సు” అని ఫోను పెట్టేసింది. ఆ రోజు ఆమె గంజి తాగలేదు. “ఇంకో రెండు నెలలుంటే ఫోన్లో అమ్మ గూడా పోతాది పెద్దమ్మా” అంది. ఆ తరువాత వారానికే పట్టెడ పసుపు వదిలి ఆకుపచ్చకి వచ్చింది.

అందుకే తెర మీద పేరు చూసి నేను కూడా మొక్కుకున్నాను.

మా వార్డులో ఒక అలవాటు ఉంది. ఇంటికి వెళ్ళేవాళ్ళకి, ఆడవాళ్ళయితే, నేను తల దువ్వి జడ వేస్తాను. నెలల తరబడి చేతి తొడుగుల్లేకుండా ఎవరూ ముట్టుకోని మనుషులు వాళ్ళు. మొదటి చెయ్యి తల మీద పడగానే చాలామంది ఏడుస్తారు. దస్తగిరమ్మకీ తలంటి పోసుకోమని చెప్పి, కొబ్బరినూనె, దువ్వెన, కనకాంబరాల దండ తీసుకుని వెళ్ళాను. హుస్సేనమ్మ పిల్లని తీసుకుని పొద్దున బస్సు ఎక్కిందట. పదకొండుకి దిగుతారు. అప్పటికింకా తొమ్మిదిన్నర.

ఆమె ముందు కూర్చుంది. నేను వెనక మంచం మీద కూర్చున్నాను. టిక్కుమంది. అరనిమిషానికి ఆకుపచ్చ వెలిగింది. చిక్కు తియ్యడం మొదలుపెట్టాను. ఆమె ఏడవలేదు, మాట్లాడలేదు. బండరాయిలా కూర్చుంది. కాసేపటికి “ఒక్క నిమిషం పెద్దమ్మా” అని గొణిగి, లేచి కిటికీ దాకా వెళ్ళింది. కిటికీలోంచి బయటికి మొహం పెట్టి నిలబడి, తిరిగి వచ్చి కూర్చుంది. పిల్ల వచ్చే దోవ చూసుకుంటోందనుకున్నాను. ఇంకాసేపటికి మళ్ళీ లేచింది. మూడోసారి కూర్చున్నప్పుడు జడ పాయలు తీస్తూ నా ఎడమచెయ్యి ఆమె వీపు మీద ఆనించాను.

వీపు కదలడం లేదు.

మనిషన్నాక వీపు కదులుతుంది. నిద్రలో ఉన్నా కదులుతుంది. నేను మనసులో లెక్కపెట్టాను. అరవై దాటింది. డెబ్బై.

“దస్తగిరీ, ఊపిరి తీసుకోవేమే?”

ఆమె లేచి కిటికీ దగ్గరికి పోయి, గాలి వదిలి, పీల్చి, అక్కడి నుంచే నవ్వింది. “అలవాటు పెద్దమ్మా. రంపం పలకలో దిగినప్పుడు దుమ్ము పొయ్యిలో పొగ మాదిరి లేస్తాది. కోత అయిందాకా ఊపిరి పట్టి, మొహం పక్కకి తిప్పి వదలాల. పదేళ్ళప్పుడు మా అమ్మ నేర్పిచ్చింది నాకు. మా కాడ అందరూ అంతే.”

“ఇక్కడ రంపం లేదు గదే.”

“రంపం లేదు, మీరుండారు గదా. జబ్బుతో వచ్చినదాన్ని. దగ్గు కొంచెం తగ్గినకాణ్ణించి, ఎవురన్నా దగ్గిరికొస్తే ఊపిరి పడతా. మీకెందుకు అంటాల నాది?”

“ఆకుపచ్చ వచ్చింది కదా నీకు.”

“వచ్చిందిలే. అయినా ముసలిదానివి నువ్వు” అని వచ్చి మళ్ళీ కూర్చుంది.

నా చేతిలో మూడు పాయలు ఉన్నాయి. వాటిని అల్లుతూనే ఉన్నాను. మనిషి దగ్గరికొస్తే పట్టెడ మేలుకుంటుంది. మనిషి దగ్గరికొస్తే ఈమె ఊపిరి ఆపుతుంది. అంటే ఈ ముప్ఫై రోజుల్లో అది ఈమె ఊపిరిని ఒక్కసారి కూడా చూడలేదు. క్రిములు లేవని కాదు అది చెప్పింది, ముక్కు దగ్గరికి ఏమీ రాలేదని.

జడ పూర్తయింది. కనకాంబరాలు పెట్టాను. చిన్న అద్దం చేతికిచ్చాను. “బాగుండానా? గుర్తుపడతాదా?” అని అడిగింది. “ఎందుకు పట్టదు” అన్నాను.

బయటికి వచ్చి మందాకిని ప్రయోగశాల తలుపు ముందు నిలబడ్డాను. తోస్తే తెరుచుకునే తలుపే. నేను తొయ్యలేదు. నాలుగు నెలలు మందు తిన్నది, నిజంగానే తగ్గిందేమో. నేను తల దువ్వకపోతే ఈ సంగతి ఎవరికి తెలిసేది? నాకైనా పూర్తిగా ఏం తెలుసు, ఆయాని. గంటలో పిల్ల దిగుతుంది.

నా అయిదో ఏట మా అమ్మని ఇలాంటి ఆసుపత్రిలోనే పెట్టారు. మేనమామ నన్ను తీసుకెళితే ముళ్ళకంచెకి అటువైపు నిలబడింది. కంచెలోంచి చెయ్యి పెట్టాను. ఆమె రెండడుగులు వెనక్కి పోయింది. అంతే, మళ్ళీ చూడలేదు. నా చెయ్యి పట్టుకోనందుకు జీవితమంతా ఆమె మీద కోపంగానే ఉన్నాను. అరవై ఏళ్ళు దాటి ఈ తలుపు ముందు నిలబడి కోపపడటానికి నేను మిగిలానంటే, అది ఆమె ఆ రెండడుగులు వెనక్కి వేసినందుకేనని ఆ రోజు దాకా నాకు తట్టలేదు.

మేలుకుని ఉన్నంతసేపు దస్తగిరమ్మ ఊపిరి పట్టగలదు. రాత్రి పిల్లని పక్కలో వేసుకుని నిద్రపోతే?

తలుపు తోశాను.

నేను చెప్పినదంతా మందాకిని కుర్చీలో కూర్చునే విన్నది. మధ్యలో ఒక్కటే అడిగింది. “వాళ్ళందరికీ ఉందా ఆ అలవాటు?”

“వాళ్ళ కాడ అందరూ అంతే అని చెప్పిందమ్మా.”

ఆమె మెడ మీది నల్లచారని వేళ్ళతో రుద్దుకుంది. తరువాత లేచింది. దస్తగిరమ్మని అద్దాల గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి, పట్టెడని బయటి నుంచే మేల్కొలిపింది. “మామూలుగా ఊపిరి తీసుకోండి” అంది మైకులో. అద్దానికి ఇవతల మమ్మల్ని చూసి దస్తగిరమ్మ ఛాతీ బిగిసింది.

“మీరు పక్కకి పోండమ్మా. మనుషులుంటే నాకు రాదు” అంది.

తెర వేసి, దాని సందులోంచి చూశాం. కొంతసేపు ఆకుపచ్చ. తరువాత పసుపు. దస్తగిరమ్మ వేలాడే కాళ్ళు ఊపుకుంటూ, జడలో పూలు తడుముకుంటూ, పాట ఏదో కూనిరాగం తీసింది. పట్టెడ ఎర్రబడింది. తన మెడ తనకి కనబడదు కాబట్టి ఆమె ఇంకా కాళ్ళు ఊపుతూనే ఉంది.

మందాకిని ఫోను అందుకుని పదకొండు ఇళ్ళకీ వరసగా చెయ్యడం మొదలుపెట్టింది. మొదటి ఇంట్లో ఎత్తినామె “ఆయన గుండ్రాయి మాదిరి ఉండాడమ్మా. మనవరాలికే రోంత దగ్గు” అంది. మందాకిని “జీపు వస్తోంది. ఇద్దరినీ పంపండి, భయపడకండి” అని ఎంతో నెమ్మదిగా చెప్పింది. జీపు బయలుదేరిన చప్పుడు విని, అప్పుడు నా వంక తిరిగి “దస్తగిరమ్మకి నేనే చెబుతాను” అంది.

చెప్పింది. ఏదీ దాచలేదు. తప్పు యంత్రానిదీ, దాన్ని చేసిన తనదీ అంది. ఇంకో నాలుగైదు నెలలు పట్టవచ్చంది. దస్తగిరమ్మ ఆమె వైపు చూడలేదు. నన్ను చూసింది.

“నువ్వెందుకు దువ్వినావు పెద్దమ్మా నా తల? దువ్వకపోతే పోయుండేదాన్ని గదా.”

ఆమె తలలో పూలు పీకేసింది. పీకేసి, చేతిలో నలిపి, తనే అంది: “పోయుంటే దాన్నే పక్కలో ఏసుకుని పండుకుందును ఈ రేయి.” కింద గేటు దగ్గర బస్సు హారను వినిపించింది.

గేటు లోపలి మైదానంలో పచ్చరంగు గీతకి అటువైపు హుస్సేనమ్మ నిలబడి ఉంది. చంకలో మాబున్ని. కొత్త గౌను, కాళ్ళకి ఎర్ర చెప్పులు, మొహానికి మేమిచ్చిన మాస్కు. సంగతి విని హుస్సేనమ్మ గయ్యిమంది.

“రమ్మని తెర మీద రాస్తిరి, రావద్దని మైకులో చెప్తిరి! మూడు బస్సులు మారినాం. దారి పొడుగునా అమ్మ అమ్మ అని దీనికి నూరిపోసినా. ఇప్పుడేం జెప్పాల దీనికి? మీ బొమ్మకి ముక్కు బాలేదని చెప్పాల్నా?”

“అవునండీ, అదే చెప్పండి” అంది మందాకిని.

ఆ జవాబుకి హుస్సేనమ్మ పిల్లని ఇంకో చంకలోకి మార్చుకుంది.

గీతకి ఇరవై అడుగుల వెనక గోడ దగ్గర దస్తగిరమ్మ నిలబడింది. పిల్ల ఆమెని చూసి అత్త మెడలో మొహం దాచుకుంది. దస్తగిరమ్మ కొంత సేపు చూసి, మందాకినిని పిలిచింది.

“అమ్మా, మీ యంత్రం నిద్రపోకుండా ఉంచగలవా?”

“ఇప్పుడు మేలుకునే ఉంది.”

“నేను ఊపిరి పడితే దానికి ఏం కనపడదు గదా. నిజంగా ఏం రాదు గదా నాలోంచి?”

మందాకినికి అర్థమయింది. “కుదరదు దస్తగిరమ్మా. నేను అనుమతి ఇవ్వలేను.”

“నేను పట్టిన ఊపిరికి నీ పట్టెడ నెల రోజులు మోసపోయింది. ఆ ఊపిరి నా బిడ్డకి ఒక్క నిమిషం పనికొస్తే ఏం పోయింది? బయలుజాగా ఇది. గదిలో అడగలా నేను.”

మందాకిని నా వైపు చూసింది. నాకు చదువు లేదు, సలహా చెప్పే దాన్ని కాదు. నా పైట అంచు పట్టి పైకెత్తాను. అది దస్తగిరమ్మ వైపుకి ఎగిరింది. గాలి పిల్ల దగ్గర్నుంచి తల్లి వైపుకి వీస్తోంది. మందాకిని పైట వైపు చూసింది, తన చేతిలోని పలక లాంటి తెర వైపు చూసింది. “ఎంతసేపు పట్టగలవు?”

“కోతలో నిమిషమున్నర పట్టేదాన్ని. ఇప్పుడు నిమిషం.”

“నలభై లెక్కపెడతాను. నువ్వు ఊపిరి పట్టగానే ఇక్కడ క్రిముల లెక్క సున్నాకి రావాలి, ఆ సున్నా కదిలితే ఆపేస్తాను. పిల్ల మాస్కు తియ్యకూడదు.”

దస్తగిరమ్మ మాస్కు బిగించి కట్టుకుంది. గోడవైపు తిరిగి నాలుగైదు సార్లు ఊపిరి తీసి, ఆఖరిది లోపల ఆపి, ఇటు తిరిగి నడిచింది. మందాకిని లెక్క మొదలుపెట్టింది. హుస్సేనమ్మ పిల్లని కిందికి దించి, “పోవే, అమ్మ” అని తోసింది. మాబున్ని కదల్లేదు.

మాట్లాడాలంటే ఊపిరి కావాలి. దస్తగిరమ్మ పిల్లని పిలవలేదు. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాచింది. అంతే చెయ్యగలదు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు అని మందాకిని గొంతు. పిల్ల ఎర్ర చెప్పులు చూసుకుంది. ఒక అడుగు వేసింది. నాకు ఆ చెప్పుల్ని తన్నాలనిపించింది. ఇరవై మూడు దగ్గర ఆ చేతుల్లోకి వెళ్ళింది.

దస్తగిరమ్మ పిల్లని ఎత్తుకుని దాని తల తన భుజం వెనక్కి పెట్టి, మొహం అటు తిప్పుకుంది. వీపంతా నిమిరింది. పిక్కలు, కాళ్ళు, చెప్పులూ తడుముకుంది.

“మాట్లాడవా?” అని అడిగింది మాబున్ని.

తల్లి తల అడ్డంగా ఊపింది. కళ్ళలోంచి నీళ్ళు మాస్కులోకి కారుతున్నాయి.

“ముప్ఫై ఎనిమిది” అంది మందాకిని. తెర మీద సున్నా కదల్లేదు.

దస్తగిరమ్మ పిల్లని దించి, వెనక్కి నడిచింది, పరుగెత్తింది. గోడ దగ్గర అటు తిరిగి కూలబడి, గాలి వదిలి, దగ్గింది. చాలాసేపు దగ్గింది. పట్టెడ ఎర్రగా వెలిగింది. మేమెవ్వరం దగ్గరికి పోలేదు. పోకూడదు.

దగ్గు ఆగాక గోడకి ఆనుకుని లేచి, ఇటు తిరిగి ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. “మాబున్నీ! అత్తని సతాయించకుండా అన్నం తినాల!”

పిల్ల ఆ గొంతు విని బెదరలేదు. గీత మీదికి వచ్చి, రెండు చేతులూ పైకెత్తి, “మళ్ళీ ఎత్తుకో” అంది.

దస్తగిరమ్మ మందాకిని వైపు చూసింది. ఈసారి నలభై దాకా పట్టలేనని ఆమెకి తెలుసు. మందాకిని నా పైట వైపు చూసింది. గాలి మారలేదు.

“ఇరవై” అంది.

దస్తగిరమ్మ గోడవైపు తిరిగింది.